అమెరికా చరిత్రను మూలాధారాలతో చెప్పడం ఎలా: ఆన్‌లైన్ సేకరణలను తరగతి గదిలోకి తెచ్చే పద్ధతి

1937లో దక్షిణ కరోలినా రాష్ట్రంలోని ఛార్లెస్టన్ నగరంలో సూజన్ హామ్లిన్ అనే వందేళ్లు పైబడిన ముసలమ్మను ఇద్దరు వేర్వేరుగా కలిసి, ఆమె బానిసగా బతికిన రోజుల జ్ఞాపకాలను ఒక ప్రభుత్వ పథకం తరఫున రాసుకున్నారు. ఒకరితో ఆమె తన యజమాని మంచివాడనీ, ఆ కుటుంబమంతా బానిసలను బాగానే చూసుకుందనీ చెప్పింది. మరొకరితో కొరడా దెబ్బల గురించీ, రాత్రి పెళ్లయిన జంటలో భార్యను తెల్లవారగానే యజమాని అమ్మేసిన వైనం గురించీ చెప్పింది. ఈ రెండు కథనాలూ ఇవాళ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. వాటిని పక్కపక్కన పెట్టి, ఒకే మనిషి ఇలా రెండు రకాలుగా ఎందుకు చెప్పిందని పదిహేనేళ్ల పిల్లలను అడిగి చూడండి. పాఠ్యపుస్తకంలోని నాలుగు పేజీలు చదివించినప్పుడు రాని చర్చ వస్తుంది.

ఈ వ్యాసం ఆ చర్చను తెచ్చే పని ఎక్కడ మొదలుపెట్టి ఎలా పూర్తి చేయాలో వివరిస్తుంది. మీరు అమెరికాలో బడిపాఠం చెప్పే తెలుగువారు కావచ్చు. ఇంట్లో పిల్లలకు ఏపీ హిస్టరీలో, అంటే హైస్కూల్లోనే కాలేజీ స్థాయిలో చదివే చరిత్రలో, సాయపడే తల్లిదండ్రులు కావచ్చు (ఇక్కడ ఏపీ అంటే మన రాష్ట్రం కాదని చుట్టాలకు చెప్పలేక నేను చాలాసార్లు అవస్థ పడ్డాను). హైదరాబాదులోనో విశాఖపట్నంలోనో డిగ్రీ విద్యార్థులకు అమెరికా చరిత్ర బోధించే అధ్యాపకులూ కావచ్చు. పద్ధతి అందరికీ ఒకటే. మూలాధారం అంటే ఆ కాలంలోనే, ఆ సంఘటనతో సంబంధం ఉన్నవారి చేతుల్లో పుట్టిన ఉత్తరం, ఉత్తర్వు, పత్రిక, ఫొటో, పటం, లేదా ఆ కాలాన్ని అనుభవించినవారి నోటి మాట అని ఇక్కడ తీసుకుందాం.

మొదట ప్రశ్న, తర్వాతే వెతుకులాట

కొత్తగా ఈ దారికి వచ్చినవారు సాధారణంగా సేకరణ తెరిచి, బాగుందనిపించిన ప్రతిదాన్నీ దించుకుంటారు. నేనూ అదే చేశాను. మొదటి ఏడాది అంతర్యుద్ధం పాఠానికి పద్నాలుగు పత్రాల కట్ట తయారుచేసి గర్వంగా పంచితే, పిల్లలు మొదటి రెండూ చూసి మిగతావి సంచిలో పెట్టుకుని వెళ్లిపోయారు. తప్పు పిల్లలది కాదు. ఆ పద్నాలుగు పత్రాలూ ఏ ప్రశ్నకు జవాబు చెప్పాలో నాకే తెలియదు.

అందువల్ల కంప్యూటర్ ముందు కూర్చోకముందే ఒక కాగితం మీద ఒకే ప్రశ్న రాసుకోండి. పాఠ్యపుస్తకం చూసి ఒక్క వాక్యంలో జవాబు రాయగలిగే ప్రశ్న అయితే దాన్ని కొట్టేసి మరొకటి రాయండి. ఉదాహరణకు, "బానిసల విముక్తి ప్రకటన ప్రాముఖ్యం ఏమిటి?" అన్నది పనికిరాదు. "1863 జనవరి 1న ఎవరికి స్వేచ్ఛ వచ్చింది, ఎవరికి రాలేదు?" అన్నది పనికి వస్తుంది, ఎందుకంటే లింకన్ సంతకం చేసిన ఆ ప్రకటన పాఠంలోనే దానికి జవాబు దాగి ఉంది. అది తిరుగుబాటు చేస్తున్న ప్రాంతాలకే వర్తిస్తుంది. న్యూఆర్లీన్స్‌తో సహా లూసియానాలోని కొన్ని జిల్లాలను, తర్వాత పశ్చిమ వర్జీనియాగా ఏర్పడిన కౌంటీలను మినహాయించింది. టెనెసీ పేరు ప్రకటన వర్తించే రాష్ట్రాల జాబితాలోనే లేదు. నేషనల్ ఆర్కైవ్స్ సైటు నుంచి ఆ పాఠం తీసుకుని, ఖాళీ పటం ఒకటి చేతికిచ్చి, ప్రకటన వర్తించే చోట్లకు రంగు వేయమంటే, పిల్లలు అరగంట పాటు తల ఎత్తరు. ఆ వెంటనే 1865 జూన్ 19న టెక్సస్‌లోని గాల్వెస్టన్‌లో వెలువడిన మూడో నంబరు సాధారణ ఉత్తర్వు చదివించండి. బానిసలందరూ స్వతంత్రులని చెప్పిన ఆ ఉత్తర్వే, వాళ్లను ఉన్నచోటే ఉండి కూలికి పని చేసుకోమని కూడా సలహా ఇచ్చింది. రెండు పత్రాలు, ఒక పటం. అంతకంటే ఎక్కువ అక్కర్లేదు.

ఏ సేకరణలో ఏముందో తెలుసుకోండి

గూగుల్‌లో వెతికి దొరికిన బొమ్మను నేరుగా తరగతిలో చూపించకండి. అది ఎక్కడిదో, ఎవరు ఎంత కత్తిరించారో తెలియదు. భద్రపరిచిన సంస్థ దగ్గరికే వెళ్లండి.

లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో లేని రకం లేదు: ఛాయాచిత్రాలు, పటాలు, అధ్యక్షుల కాగితాలు, పాటల రికార్డులు. పైన చెప్పిన సూజన్ హామ్లిన్ కథనాలు అక్కడి బానిస జ్ఞాపకాల సేకరణలోవి. 1936 నుంచి 1938 వరకు ఫెడరల్ రైటర్స్ ప్రాజెక్ట్ (మొదట్లో చెప్పిన ప్రభుత్వ పథకం ఇదే) సేకరించిన 2,300కు పైగా కథనాలు అందులో ఉన్నాయి. పాత వార్తాపత్రికల కోసం అదే లైబ్రరీ నిర్వహించే క్రానిక్లింగ్ అమెరికాకు వెళ్లాలి. 2 కోట్లకు పైగా పేజీలు అక్కడ స్కాన్ చేసి ఉంచారు.

ప్రభుత్వం తన పనిలో భాగంగా పుట్టించిన కాగితాలు, అంటే చట్టాలు, ఉత్తర్వులు, సైనిక రికార్డులు, జనాభా లెక్కల పట్టీలు, నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంటాయి. ఆ సంస్థ ఉపాధ్యాయుల కోసం నడిపే డాక్స్‌టీచ్ సైటులో పత్రాలను కాలక్రమంలో పేర్చించడం, తూకం వేయించడం వంటి అభ్యాసాలు తయారుగా దొరుకుతాయి. మొదటిసారి చేసేవారు అక్కడ మొదలుపెట్టడం మేలు, ఎందుకంటే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సముద్రం, డాక్స్‌టీచ్ ఈత నేర్చుకునే కొలను.

స్వాతంత్ర్య కాలపు నాయకుల ఉత్తరాలకు ఫౌండర్స్ ఆన్‌లైన్‌ను మించినది లేదు. వాషింగ్టన్, ఆడమ్స్, జెఫర్సన్, ఫ్రాంక్లిన్, హామిల్టన్, మాడిసన్, జే రాసినవీ, వారికి వచ్చినవీ కలిపి 1,80,000కు పైగా పత్రాలు అచ్చు అక్షరాల్లో, వివరణలతో ఉన్నాయి. చట్టాలు, ఒప్పందాల పాఠం మాత్రమే కావాలంటే యేల్ విశ్వవిద్యాలయం వారి అవలాన్ ప్రాజెక్ట్ చాలు. ప్రభుత్వ రికార్డుల్లో సరిగా వినిపించని గొంతుల కోసం ఆయా సమాజాలు తామే కట్టుకున్న సేకరణలు ఉన్నాయి. జపనీస్ అమెరికన్ల నిర్బంధం గురించి సియాటిల్‌లోని దెన్షో, దక్షిణాసియా వలసదారుల గురించి 2008లో మొదలైన సౌత్ ఏషియన్ అమెరికన్ డిజిటల్ ఆర్కైవ్ అలాంటివి.

ఆనాటి మాటలతో వెతకండి

ఈనాటి పదాలతో వెతికితే పాత కాగితాలు పలకవు. అమెరికాలో మనవాళ్ల తొలి చరిత్ర వెతికేవారికి ఇది వెంటనే అనుభవంలోకి వస్తుంది. 1907 సెప్టెంబరు 4 రాత్రి వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్లింగ్‌హామ్‌లో కలప మిల్లుల్లో పనిచేసే భారతీయ కార్మికుల మీద గుంపు దాడి చేసి ఊరి నుంచి తరిమేసింది. వారిలో అత్యధికులు సిక్కులు. ఆనాటి పత్రికల్లో ఈ వార్త కోసం 'సిక్కు' అనో 'ఇండియన్' అనో వెతికితే మీకు దక్కేది చాలా తక్కువ, ఎందుకంటే 'ఇండియన్' అంటే ఆ పత్రికలకు స్థానిక ఆదివాసులు, భారతదేశం నుంచి వచ్చిన ప్రతివాడూ మతంతో పని లేకుండా 'హిందూ'. 1920, 1930, 1940 జనాభా లెక్కల్లోనైతే 'హిందూ' అన్నది ఏకంగా ఒక జాతి పేరుగానే నమోదైంది. ఈ పదం పత్రికల్లో రెండు మూడు రకాల స్పెల్లింగులతో కనిపిస్తుంది కాబట్టి అన్నింటితోనూ వెతకండి. వెతుకులాటలో తెలిసిన ఈ సంగతే ఒక పాఠం అవుతుంది. నేను దీన్ని దాచకుండా పిల్లల ముందే, తెర మీద వెతికి చూపిస్తాను.

రెండో చిక్కు యంత్రం చదివే తీరులో ఉంది. స్కాన్ చేసిన పేజీని కంప్యూటర్ అక్షరాలుగా మార్చేటప్పుడు చెదిరిన సిరానూ, మడత పడ్డ కాగితాన్నీ తప్పుగా చదువుతుంది. 1800కు ముందు అచ్చైనవాటిలో 'ఎస్' అక్షరం పొడవాటి పాత రూపంలో ఉండి 'ఎఫ్' లాగా కనిపిస్తుంది కాబట్టి, చాలా పదాలు వెతుకులాటకు చిక్కవు. పదం దొరకకపోతే తేదీ, ఊరు, పత్రిక పేరు పెట్టి ఆ రోజు సంచికనే తిరగేయండి. మనుషుల పేర్లకూ ఇదే జాగ్రత్త అవసరం. సూజన్ హామ్లిన్ రెండో కథనం 'సూజన్ హామిల్టన్' పేరుతో ఉంది. మొదటి పేరుతో మాత్రమే వెతికినవారికి సగం కథే తెలుస్తుంది.

బొమ్మ కింద ఉన్న వివరణను వదలకండి

ప్రతి పత్రానికీ సంస్థ ఒక కేటలాగ్ వివరణ ఇస్తుంది: ఎవరు తయారుచేశారు, ఎప్పుడు, ఎక్కడ, ఎవరి కోసం, అసలు ప్రతి ఏ రూపంలో ఉంది. చాలామంది బొమ్మను దించుకుని ఈ వివరణను అక్కడే వదిలేస్తారు. నా అనుభవంలో చర్చను నడిపించే సమాచారం సగం అందులోనే ఉంటుంది.

డొరోథియా లాంగ్ 1936లో కాలిఫోర్నియాలోని నిపోమోలో తీసిన 'వలస తల్లి' ఫొటో చూడనివారు తక్కువ. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వివరణ చదివితే, ఆ మూల శీర్షికలో ఆమె పేరు లేదనీ, బఠాణీలు ఏరే కూలీలు, ఏడుగురు పిల్లల తల్లి, వయసు 32 అని మాత్రమే ఉందనీ తెలుస్తుంది. అదే చోట ఆ వరుసలో తీసిన మిగతా ఫొటోలూ ఉన్నాయి. వాటిలో డేరా, సామాను, పెద్ద కూతురు కనిపిస్తారు. ఫొటో మూలన కనిపించే బొటనవేలును తర్వాత నెగటివ్‌లో చెరిపేసిన సంగతీ నమోదై ఉంది. పిల్లలకు ముందు ప్రసిద్ధమైన ఫొటో ఒక్కటే చూపించి, ఆ తల్లి గురించి వారు ఊహించినది రాయించండి. తర్వాత మిగతా ఫొటోలు చూపించి, ఫొటోగ్రాఫర్ ఏమేం వదిలేసుకుంటూ దగ్గరికి వచ్చిందో చెప్పమనండి. ఈ ఫొటోలను ప్రభుత్వమే తీయించిందనీ, రైతుల సహాయ కార్యక్రమాలకు ప్రజల మద్దతు కూడగట్టడం అందులో ఒక ఉద్దేశమనీ ఆ తర్వాతే చెప్పండి. ముందే చెప్పేస్తే వాళ్లు కళ్లతో చూడడం మానేసి మీ మాటకు బొమ్మ వెతుకుతారు.

పత్రాన్ని చదవగలిగేలా తయారు చేయండి

పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లీషు అమెరికన్ పిల్లలకే కొరుకుడు పడదు. మన డిగ్రీ విద్యార్థుల సంగతి చెప్పనక్కర్లేదు. అందుకని పత్రం మొత్తం ఇవ్వకుండా, మీ ప్రశ్నకు సంబంధించిన 200 లేదా 250 పదాల భాగం కత్తిరించి ఇవ్వండి. వదిలిన చోట చుక్కలు పెట్టండి. కష్టమైన పదాలకు పక్కన అర్థాలు రాయండి. తెలుగు మాధ్యమం విద్యార్థులైతే ఒక పేరా సారాంశం తెలుగులో ఇవ్వవచ్చు గానీ, కనీసం రెండు మూడు వాక్యాలు మాత్రం మూలభాషలోనే చదివించాలి. పత్రం రాసినవాడు ఏ పదం ఎంచుకున్నాడన్నది అనువాదంలో మిగలదు.

వాక్యాలను సులభం చేసి తిరగరాయడం తప్పా అని చాలామంది అడుగుతారు. నా ఉద్దేశంలో తప్పు కాదు, ఒక్క షరతు మీద: అసలు పేజీ స్కాన్ ప్రతిని కూడా పక్కనే ఇవ్వాలి. స్వాతంత్ర్య ప్రకటనకు జెఫర్సన్ రాసుకున్న చిత్తుప్రతి ఇందుకు మంచి ఉదాహరణ. బానిస వ్యాపారాన్ని ఇంగ్లండు రాజు నేరంగా చూపిస్తూ ఆయన రాసిన పేరాను కాంగ్రెస్ తీసేసింది. కొట్టివేతలతో, ఇరికించిన మాటలతో ఉన్న ఆ కాగితాన్ని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైటులో పెద్దది చేసి చూసిన పిల్లవాడికి, దేశపు మూలపత్రం కూడా బేరసారాల మధ్య పుట్టిందన్న సంగతి మనం చెప్పకుండానే తెలుస్తుంది. ఆ పేరా రాసిన మనిషే తన జీవితకాలంలో 600 మందికి పైగా బానిసలకు యజమాని అన్నది ఆ తర్వాత చర్చకు పెట్టవలసిన విషయం.

తరగతిలో ఒక పీరియడు: బోస్టన్ కాల్పులు

ఇక అసలు పాఠానికి వద్దాం. 45 నిమిషాల తరగతికి నేను అన్నింటికంటే నమ్మకంగా వాడేది 1770 మార్చి 5 నాటి బోస్టన్ కాల్పులు, అంటే కెప్టెన్ ప్రెస్టన్ కింద ఉన్న బ్రిటిష్ సైనికులు ఊరి జనం మీద కాల్పులు జరిపిన సంఘటన. ప్రశ్న ఒక్కటే: "కాల్చమని కెప్టెన్ ప్రెస్టన్ ఆజ్ఞ ఇచ్చాడా?"

మొదటి పది నిమిషాలు పాల్ రివీర్ రాగి రేకు మీద చెక్కి అచ్చువేసిన బొమ్మను తెర మీద ఉంచండి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారు ఉపాధ్యాయులకు సూచించే క్రమం ఇక్కడ బాగా పనిచేస్తుంది: ముందు గమనించడం, తర్వాత ఆలోచించడం, ఆపైన ప్రశ్నించడం. గమనించే దశలో అభిప్రాయాలు చెప్పనివ్వకండి. "సైనికులు క్రూరులు" అని ఎవరైనా అంటే, "బొమ్మలో ఏది చూసి అంటున్నావు?" అని మాత్రం అడగండి. అప్పుడు బయటికి వస్తాయి: వరుసగా నిలబడి ఒకేసారి కాలుస్తున్న సైనికులు, వాళ్ల వెనకాల కత్తి ఎత్తి నిలబడిన అధికారి, చేతిలో ఏమీ లేని జనం, సైనికుల వెనుక భవనానికి 'కసాయి కొట్టు' అని తగిలించిన బోర్డు. ఆ బోర్డు నిజంగా అక్కడ ఉండేదా అని ఎవరో ఒకరు అడుగుతారు. అడగకపోతే మీరు అడగండి.

తర్వాతి పదిహేను నిమిషాలు జట్లుగా కూర్చోబెట్టి, కెప్టెన్ థామస్ ప్రెస్టన్ జైలు నుంచి ఇచ్చిన సొంత కథనంలోని ఒక భాగం చదివించండి. తాను కాల్చమనలేదనీ, ఆ సమయంలో తుపాకుల గొట్టాలకు ఎదురుగా నిలబడి ఉన్నాననీ, కాల్పులు జరిగితే ముందు తానే చావవలసి ఉండేదనీ ఆయన వాదన. బొమ్మలో ఆయన సైనికుల వెనక ఉన్నాడు, కథనంలో ముందు ఉన్నాడు. తరగతి చీలిపోయేది ఇక్కడే. ఎవరిని నమ్మాలన్న వాదులాట మొదలైతే ఆపకండి, కాకపోతే ప్రతి వాదన చివరా "వాళ్లకు అలా చెప్పవలసిన అవసరం ఏమిటి?" అన్న ప్రశ్న జోడించండి. ప్రెస్టన్ మీద హత్యానేరం ఉంది. రివీర్ వలస రాజ్యాల పక్షాన పనిచేస్తున్న దేశభక్తుడు, పైగా ఆ బొమ్మ అమ్ముకుంటున్నాడు. ఇద్దరికీ కారణాలు ఉన్నాయి.

చివరి భాగంలో మరో రెండు చిన్న విషయాలు చెప్పండి. హెన్రీ పెల్హామ్ అనే చిత్రకారుడు తన బొమ్మను కాపీ కొట్టాడంటూ అదే మార్చి 29న రివీర్‌కు ఉత్తరం రాశాడు. అంటే మన ప్రత్యక్ష సాక్ష్యం అనుకున్న బొమ్మ మరొకరి బొమ్మకు నకలు. ఇక కోర్టులో ప్రెస్టన్ నిర్దోషిగా బయటపడ్డాడు. ఎనిమిది మంది సైనికుల్లో ఆరుగురు నిర్దోషులుగా, ఇద్దరు హత్య కంటే తక్కువ నేరానికి దోషులుగా తేలారు. వారి తరఫున వాదించినవారిలో జాన్ ఆడమ్స్ ఒకరు, తర్వాత ఆయనే దేశానికి రెండో అధ్యక్షుడు. ఆ విచారణ కాగితాలు ఫౌండర్స్ ఆన్‌లైన్‌లో ఉన్నాయి. ఆసక్తి పుట్టినవారికి సాక్షుల వాంగ్మూలాలు ఇంటిపనిగా ఇవ్వవచ్చు. తీర్పును మాత్రం తరగతి మొదట్లో ఎప్పుడూ చెప్పకండి.

సాక్షి ఎవరితో మాట్లాడుతున్నాడో చూపించండి

బోస్టన్ పాఠం ఒకసారి నడిస్తే, పిల్లలకు ఒక చెడ్డ అలవాటు కూడా అంటుకుంటుంది: అందరూ అబద్ధాలు చెబుతారు, దేన్నీ నమ్మనక్కర్లేదు అని. దానికి మందు సూజన్ హామ్లిన్.

మొదటి కథనం రాసినది జెస్సీ బట్లర్ అనే తెల్లజాతి మహిళ. తనను చూడగానే ఆ ముసలమ్మ సంక్షేమ కార్యాలయం నుంచి వచ్చిన మనిషిగా అనుకుందని బట్లరే మొదట్లో రాసుకుంది. అది ఆర్థిక మాంద్యపు కాలం, జాతి వివక్ష చట్టబద్ధంగా నడుస్తున్న దక్షిణాది, సహాయం మీద ఆధారపడిన ముసలి ప్రాణం. రెండో కథనం రాసినది ఆగస్టస్ లాడ్సన్ అనే నల్లజాతి వ్యక్తి. పిల్లలకు మొదట ఈ పేర్లు, వివరాలు తీసేసి రెండు కథనాల్లోని భాగాలూ ఇవ్వండి, తేడాలు రాయించండి, తర్వాత అడిగినవారెవరో చెప్పండి. తరగతిలో మాట పడిపోయే క్షణం అది. ఆ తర్వాత తెలివైన పిల్ల ఎవరైనా, మొదటి కథనం కూడా పనికొచ్చే సాక్ష్యమేనని అంటుంది. 1937 ఛార్లెస్టన్‌లో ఒక నల్లజాతి వృద్ధురాలు తెల్లవారి ముందు ఏమి మాట్లాడగలదో దానికంటే బాగా చెప్పే పత్రం లేదు. ఎవరూ అనకపోతే ఆ దారిలో ఒక ప్రశ్న వేయండి, జవాబు మాత్రం మీరు ఇవ్వకండి.

ఇక్కడ కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. ఈ కథనాలను యాసతో, అవమానకరమైన పదాలతో సహా రాసి ఉంచారు. ఆ యాస రాసినవారి చెవికి వినిపించిన తీరే గానీ మాట్లాడినవారి అసలు ఉచ్చారణ అనుకోకూడదు. వీటిని పైకి చదివించకండి, నల్లజాతి విద్యార్థి చేత అసలే చదివించకండి. తరగతికి ముందురోజే అందులో ఏముందో చెప్పండి. బానిసల వేలం వంటి వాటిని నాటకంగా వేయించే ఆలోచన ఎంత మంచి ఉద్దేశంతో వచ్చినా మానుకోండి.

ఫొటోలో లేనిది ఏమిటి

ఒకే చోటు, ముగ్గురు ఫొటోగ్రాఫర్లు అన్న పాఠం పెద్ద తరగతులకు బాగుంటుంది. 1942 ఫిబ్రవరి 19న రూజ్‌వెల్ట్ సంతకం చేసిన 9066 ఉత్తర్వు తర్వాత, పశ్చిమ తీరంలోని జపనీస్ అమెరికన్లను నిర్బంధ శిబిరాలకు తరలించారు. ఆ తరలింపును ఫొటోలు తీయడానికి ప్రభుత్వమే డొరోథియా లాంగ్‌ను నియమించింది, తీరా ఆమె తీసినవి చూసి చాలావాటిని యుద్ధకాలంలో బయటికి రానివ్వలేదు. అవి ఇప్పుడు నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. 1943లో మాంజనార్ శిబిరానికి వెళ్లిన ఆన్సెల్ ఆడమ్స్ తీసినవి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి: కొండలు, వెలుగు, నవ్వే ముఖాలు. అదే శిబిరంలో బందీగా ఉన్న టోయో మియటాకే రహస్యంగా కటకం తెచ్చుకుని, చెక్కపెట్టెతో కెమెరా తయారుచేసుకున్నాడు. ముళ్లకంచె ఎవరి ఫొటోలో కనిపిస్తుంది, ఎవరి ఫొటోలో కనిపించదు, ఎందుకు, అన్నవి సరిపోయే ప్రశ్నలు. దెన్షోలో ఆ శిబిరాల్లో పెరిగినవారి ముఖాముఖీలు వీడియోలుగా ఉన్నాయి. పది నిమిషాల ముక్క ఒకటి చివర్లో వినిపించండి.

మన పిల్లలు తమ కథ అడిగినప్పుడు

అమెరికా చరిత్రలో మనం ఎక్కడున్నామని తెలుగు పిల్లలు తప్పకుండా అడుగుతారు. 1965 వలస చట్టంతో మొదలుపెట్టడం మామూలు. దానికంటే రెండు సుప్రీంకోర్టు తీర్పులతో మొదలుపెట్టడం మంచిది. అప్పటి చట్టం ప్రకారం వలస వచ్చినవారిలో 'తెల్లవారికి', ఆఫ్రికా సంతతివారికి మాత్రమే పౌరసత్వానికి అర్హత ఉండేది. 1922 నవంబరులో తకావో ఒజావా కేసులో, తెల్లవాడంటే కాకేసియన్ జాతివాడని చెబుతూ జపనీయుడైన అతని దరఖాస్తును కోర్టు కాదంది. భగత్ సింగ్ థిండ్ పంజాబు నుంచి వచ్చి, మొదటి ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. ఆనాటి పండితుల లెక్క ప్రకారం తాను కాకేసియన్‌నే కదా అని వాదించాడు. 1923 ఫిబ్రవరి 19న కోర్టు, పండితుల లెక్క కాదు, సామాన్యుడి దృష్టిలో తెల్లవాడెవరన్నదే కొలమానం అంది. రెండు తీర్పులూ రాసినది ఒకే న్యాయమూర్తి, జార్జ్ సదర్లాండ్; మధ్యలో గడిచినది మూడు నెలలు. రెండింటి నుంచి చెరొక పేరా తీసి ఇస్తే, ఆ తర్కం ఎక్కడ తిరగబడిందో పిల్లలే గీత గీసి చూపిస్తారు.

తీర్పు ఎవరి జీవితాలను తాకిందో చూపడానికి దక్షిణాసియా ఆర్కైవ్‌లోని కుటుంబ ఫొటోలు, ఉత్తరాలు ఉపయోగపడతాయి. అయితే పౌరసత్వం పోగొట్టుకుని 1928లో ప్రాణం తీసుకున్న వైష్ణో దాస్ బగాయ్ ఆఖరి లేఖ వంటివి పెద్ద పిల్లలకే ఇవ్వాలి, అదీ ముందుగా మీరు చదివి, ఏ భాగం ఇవ్వాలో నిర్ణయించుకున్నాకే. తెలుగు తరగతి అయితే మరో పేరు జోడించవచ్చు. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్ చేరింది థిండ్ తీర్పు వచ్చిన ఆ 1923లోనే. భారతీయులకు పౌరసత్వ అర్హతనూ, ఏడాదికి 100 మంది చొప్పున వలస కోటానూ ఇచ్చిన లూస్ సెల్లర్ చట్టం 1946లో గానీ రాలేదు. ఆయన 1948లో కన్నుమూశారు. అంటే అమెరికాలో ఆయన పరిశోధన సాగినంత కాలమూ దాదాపుగా, కోరుకున్నా పౌరుడు కాలేని స్థితి. మన పాఠ్యపుస్తకాలు ఆయన కనుగొన్నవాటి గురించి చెప్పినంతగా ఈ సంగతి చెప్పవు.

రాయించడం, దాచుకోవడం

మార్కుల కోసం పెద్ద వ్యాసాలు అవసరం లేదు. ఒక పేరా చాలు: ప్రశ్నకు జవాబు, దానికి రెండు పత్రాల నుంచి ఆధారం, వాటిలో ఒకదాన్ని ఎంతవరకు నమ్మవచ్చో ఒక వాక్యం. నేను మార్కులు ఎక్కువగా ఇచ్చేది ఆ ఆఖరి వాక్యానికే. "ఈ పత్రం పక్షపాతంతో ఉంది" అని ఆగిపోతే సగం మార్కులు. ఏ పక్షం, దానివల్ల ఏ విషయంలో నమ్మకూడదు, ఏ విషయంలో నమ్మవచ్చు అన్నది చెబితే పూర్తి మార్కులు.

వాడిన ప్రతి పత్రానికీ ఒక పట్టికలో వరుస రాసుకోండి: శాశ్వత లింకు, సంస్థ ఇచ్చిన గుర్తింపు సంఖ్య, మీరు కత్తిరించిన భాగం, ఏ ప్రశ్నకు వాడారు, తరగతి ఎలా నడిచింది. బ్రౌజర్ పైన కనిపించే చిరునామా కాకుండా, పేజీలో సంస్థ శాశ్వత లింకుగా చూపించినదాన్ని తీసుకోండి. సైట్లు రూపం మార్చుకుంటాయి కాబట్టి స్కాన్ ప్రతిని కూడా సొంతంగా దాచుకోండి. హక్కుల విషయానికొస్తే, అమెరికా ఫెడరల్ ఉద్యోగులు విధిలో భాగంగా తయారుచేసినవాటికి ఆ దేశంలో కాపీరైట్ ఉండదు. అక్కడ అచ్చై 95 ఏళ్లు దాటినవాటికీ ఇబ్బంది లేదు. కుటుంబాలు ఇచ్చిన ఫొటోలు, ముఖాముఖీల హక్కులు మాత్రం చాలాసార్లు ఆ కుటుంబాలవే. వాటిని తరగతిలో చూపించడం వేరు, మీ పేరుతో యూట్యూబ్‌లో పెట్టడం వేరు. హక్కుల వివరణ చదివాకే రెండోది ఆలోచించండి.

ఎక్కడైనా చిక్కుకుపోతే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైటులోనే గ్రంథాలయ నిపుణులను అడిగే సదుపాయం ఉంది, ఏ దేశం నుంచైనా ప్రశ్న పంపవచ్చు. ఏడాది చివర్లో కొన్ని తరగతులు మిగిలితే, నేషనల్ ఆర్కైవ్స్ వారి పౌర లేఖరుల కార్యక్రమంలో పిల్లల చేత చేతిరాత పేజీలను అక్షరాల్లోకి ఎక్కించండి. స్వాతంత్ర్య యుద్ధ సైనికుల పింఛను దరఖాస్తులు అక్కడ ఉన్నాయి. ఇద్దరికి ఒక పేజీ చొప్పున ఇవ్వండి. గొలుసు రాత చదవడం ఈ తరానికి రాదు కాబట్టి మొదటి గంటలో నాలుగు వరుసలు పూర్తయితే చాలు.